పులి చేసే పని

ఖమ్మంలో కొత్తగూడెం బస్సు ఎక్కి, కిటికీ పక్కన చోటు సంపాదించారంటే ఇక మీరు కునుకు తీయకూడదు. వైరా దాటి, తల్లాడ దాటి బస్సు పోతూ ఉంటుంది. రెండు వైపులా పొలాలు, మధ్య మధ్య తాటిచెట్లు. ఏన్కూరు వచ్చేసరికి దూరాన ఆకాశం అంచున నల్లని గీత ఒకటి కనపడుతుంది. మొదట మీరు దాన్ని మబ్బు అనుకుంటారు. అది మబ్బు కాదు, అడవి. ఆ గీత దగ్గిరపడే చోట ఉన్న ఊరే జూలూరుపాడు.

ఒకప్పుడు ఈ ఊరికి వచ్చినవాళ్ళు, "ఇక్కడితో పొలాలు అయిపోయాయి, ఇకమీదట అడవి," అనుకునేవారట. ఇప్పుడు అడవి మరికాస్త వెనక్కు జరిగింది. పత్తి చేలూ, మిరప చేలూ ముందుకు జరిగాయి. ఊరు మాత్రం ఉన్నచోటనే ఉండి రెండింటినీ చూస్తున్నది. 2016 దాకా ఇది ఖమ్మం జిల్లాలో ఉండేది. ఆ ఏడు జిల్లాలను విడదీసినప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది.

మా చెల్లెలి కాపరం ఆ ఊళ్ళోనే. దసరా సెలవుల్లో నేను అక్కడికి వెళ్ళాను. మా మేనల్లుడు అయిదో తరగతి చదువుతున్నాడు. వాడికి ప్రశ్నలు వెయ్యటం తప్ప మరో పని లేదు. వాడి ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పే మనిషి ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు, పక్కింటి తాత. తాతకు ఎనభై ఏళ్ళు. ఆ సాయంత్రం ముగ్గురం అరుగు మీద కూచున్నాం.

"నేను నీ అంత ఉన్నప్పుడు రాత్రిళ్ళు ఇంట్లో పడుకున్నది తక్కువరా," అన్నాడు తాత. "పెసర చేలో మంచె వేసేవాళ్ళం. మా అయ్యా నేనూ పైన కూచునేవాళ్ళం. కింద నెగడు మండేది. అర్ధరాత్రి దాటాక దుప్పులు వచ్చేవి. అడుగుల చప్పుడు వినపడేదే కాదు. చెట్ల మధ్య వెన్నెల కదిలినట్టు ఉండేది, అంతే. డబ్బా మోగించి, వడిసెల తిప్పి, గొంతు పోయేలా అరిస్తే వెళ్ళేవి. మేం కాస్త కన్ను మూశామా, తెల్లారేసరికి చేను గుండు చేయించుకున్నట్టు ఉండేది."

"పులి వచ్చేదా తాతా?"

"ఎందుకు రాదూ? పులి గాండ్రించిన రాత్రి మేం హాయిగా నిద్రపోయేవాళ్ళం."

మా వాడు తెల్లబోయాడు. "అదేమిటి? భయం వెయ్యదూ?"

"మంచె మీద మాకేం భయం? ఆ రాత్రి ఒక్క దుప్పి కూడా చేలోకి వచ్చేది కాదు. మా కాపలా అది కాసేది."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు దుప్పి ఎక్కడిదిరా? పందులూ, కోతులూ. దుప్పిని చూడాలని ఉంటే మీ మామయ్యను కిన్నెరసాని తీసుకుపొమ్మను. అక్కడ కంచెలో ఉన్నాయి," అన్నాడు తాత.

ఇంకేముంది? మర్నాడు పొద్దున్నే మేం బస్సులో ఉన్నాం.

జూలూరుపాడు నుంచి కొత్తగూడెం. కొత్తగూడెం అంటే సింగరేణి బొగ్గు గనుల ఊరని మీకు తెలిసే ఉంటుంది. అక్కడి నుంచి భద్రాచలం రోడ్డు మీద పాల్వంచ. ఇక్కడ ఆ బొగ్గును కాల్చి కరెంటు తీస్తారు. ఆ కర్మాగారానికి కావలసిన నీరు కిన్నెరసాని నది నుంచి వస్తుంది. కిన్నెరసాని గోదావరిలో కలిసే ఉపనది. విశ్వనాథ సత్యనారాయణ గారు దాని మీద పాటలు రాశారు. పాల్వంచకు కొద్ది దూరాన యానంబైలు అనే ఊరి దగ్గిర దానికి ఆనకట్ట కట్టారు. కట్ట మీద నిలబడి చూస్తే ముందు నీళ్ళు, నీళ్ళ వెనక కొండలు, కొండల మీద టేకూ, మద్దీ, వెదురూ. నీళ్ళలో మొసళ్ళున్నాయి గనక ఈతకు దిగే ఆలోచన పెట్టుకోకండి. ఈ చుట్టుపట్ల సుమారు 635 చదరపు కిలోమీటర్ల అడవిని 1977లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. దుప్పులున్న పార్కు ఆనకట్ట పక్కనే ఉన్నది.

మా వాడు వలకంచెకు ముఖం ఆనించి, "మామయ్యా, జింకలు!" అని కేకపెట్టాడు.

మనం మాటవరసకు అన్నింటినీ జింకలనే అంటాం గాని, ఇవి దుప్పులు, అంటే చుక్కల దుప్పులు. కృష్ణజింకకూ దీనికీ చుట్టరికం దూరం. కృష్ణజింక కొమ్ము మెలికలు తిరిగి ఉంటుంది, కొమ్మలు వెయ్యదు, జన్మకు ఒకే జత. దుప్పి కొమ్ములు అట్లా కాదు. మగదానికే ఉంటాయి. ఒక్కొక్క కొమ్ముకు సాధారణంగా మూడు కొనలు. అవి రాలిపోయి, మళ్ళీ కొత్తవి మొలుస్తాయి. కొత్త కొమ్ము మొలిచేటప్పుడు దాని మీద ముఖమలు గుడ్డ తొడిగినట్టు నూగు చర్మం ఉంటుంది. కొమ్ము ముదిరాక దుప్పి దాన్ని చెట్టుకు రాచి రాచి వదిలించుకుంటుంది. మేం చూసినప్పుడు ఒక పోతు ఆ పని మీదే ఉన్నది. దాని కొమ్ముల నుంచి ఎండిన చర్మం పీలికలుగా వేళ్ళాడుతున్నది.

ఒంటి మీది తెల్లచుక్కలు ఎంత అందంగా ఉంటాయంటే, ఆ చుక్కలను చూస్తే ఎవరికైనా రామాయణంలోని బంగారు లేడి గుర్తుకు రాక తప్పదు. సీతమ్మ ఆ లేడిని చూసింది భద్రాచలానికి ఎగువన ఉన్న పర్ణశాలలోనే అని ఇక్కడివారి నమ్మకం. అది ఇక్కడికి దూరమేమీ కాదు. ఒక్క లేడి కోసం అంత కథ నడిచిన సీమలో నేను మీకు లేళ్ళు ఎక్కువైతే వచ్చే చిక్కును గురించి చెప్పబోతున్నాను!

మా వాడు జేబులోంచి మరమరాల పొట్లం తీశాడు. ఎక్కడినుంచో వాచరు వచ్చి, "వద్దు బాబూ, పెట్టకూడదు," అన్నాడు. నెరిసిన మీసాలు, చేతిలో సన్నటి వెదురుకర్ర.

"ఆకలేస్తున్నట్టుంది తాతా. చూడు, ఎట్లా వస్తున్నాయో."

"ఆకలి కాదు, అలవాటు. నాలుగు కడుపుల జంతువు అది. గడ్డీ ఆకూ గబగబా మింగి, తరవాత తీరిగ్గా నెమరు వేస్తుంది. మరమరాలూ, బిస్కెట్లూ ఆ కడుపుకు పడవు. పొట్లం కాయితం కూడా మింగుతుంది. ఆ పైన మనిషి చెయ్యి మంచిదని నేర్చుకుంటుంది. అన్నిటికన్నా అది ఎక్కువ ప్రమాదం."

మా వాడు పొట్లం జేబులో పెట్టేసి దుప్పులను లెక్కపెట్టసాగాడు. మూడుసార్లు పెట్టాడు. మూడుసార్లూ మూడు లెక్కలు వచ్చాయి. "పిల్లలు కూడా ఉన్నాయి. ఏటేటా పిల్లలు పుడుతూనే ఉంటే ఇవన్నీ ఎక్కడ పడతాయి, తాతా?" అని అడిగాడు.

వాచరు నాకేసి చూసి నవ్వాడు. "జింకల పార్కు ఏదైనా సరే, చివరికి వచ్చే ప్రశ్న ఇదే సార్," అన్నాడు.

మేం నీడన కూచున్నాం. నేను కాయితం, పెన్సిలు తీసి మా వాడి చేతికిచ్చాను. మీరు కూడా తీసుకోండి.

ఆడదుప్పి సుమారు ఏడున్నర నెలలు మోసి సాధారణంగా ఒకే పిల్లను ఈనుతుంది. పిల్ల త్వరగా ఎదిగి తానూ తల్లి అవుతుంది. లెక్క తేలికగా ఉండటానికి, చచ్చేవి పోను మంద ఏటా పావు వంతు పెరుగుతుందని అనుకుందాం. మొదట 20 దుప్పులు. మొదటి ఏడు గడిచేసరికి 25. రెండో ఏడు 31. మూడో ఏడు 39. మధ్యలో పావుదుప్పీ, అరదుప్పీ వచ్చినప్పుడు మా వాడు చాలా ఇబ్బంది పడ్డాడు గాని, చివరికి పదో ఏట సుమారు 186 తేలాయి. పదిహేనో ఏట సుమారు 570!

"ఒక్కొక్కటి రోజుకు నాలుగు కిలోల పచ్చిమేత తింటుందనుకో. అప్పుడు?"

వాడు గుణించాడు. పదిహేనో ఏట రోజుకు రెండు టన్నులు దాటింది. కంచె మాత్రం మొదటి రోజున ఎక్కడున్నదో అక్కడే ఉన్నది.

ఇది కాయితం మీది లెక్కే గదా అని మీరు అనవచ్చు. అయితే వినండి. ఢిల్లీ నగరంలో హౌజ్‌ఖాస్ దగ్గిర ఒక జింకల పార్కు ఉన్నది. 1960 తరవాతి రోజుల్లో అక్కడ ఆరు దుప్పులను తెచ్చి వదిలారు. 2023 నాటికి అవి సుమారు 600 అయినాయి. ఆ ఏడు దాని అనుమతి రద్దు చేసి, వాటిని రాజస్థాన్ అడవులకు పంపాలని నిర్ణయించారు. అట్లా పంపటం సరిఅయినదా కాదా అని వివాదం పుట్టి సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆరు దుప్పులను తెచ్చిన రోజున ఎవరైనా ఈ సంగతి ఊహించి ఉంటారా?

మేత చాలకపోతే ఏమవుతుందో కళ్ళారా చూడవచ్చు. కిక్కిరిసిన పార్కులో గడ్డి వేళ్ళతో సహా పోతుంది. చెట్ల కింది కొమ్మలన్నీ ఒకే ఎత్తున, తాడు పట్టుకుని కత్తిరించినట్టు ఉంటాయి. దుప్పి మెడ చాచితే అందేటంత మేరా ఆకు మిగలదు. మొలక లేచిందంటే వెంటనే దాన్ని కొరికేస్తాయి. పెద్దచెట్టు ముసలిదై పడిపోయిన నాడు దాని స్థానంలో లేవటానికి పిల్లచెట్టు ఉండదు. మందలోకి గాలికుంటు వంటి రోగం ఒకటి వచ్చిందంటే అందరికీ అంటుకుంటుంది. కొత్త మంద వచ్చి కలవదు గనక తరతరాలుగా ఒకే కుటుంబంలో సంతానం కలిగి, పిల్లలు బలహీనంగా పుడతాయి.

కంచెకు బదులు సముద్రమే అడ్డంగా ఉంటే ఏమవుతుందో ఒకచోట నిజంగా జరిగింది. అలాస్కాకు పడమటగా, బేరింగ్ సముద్రంలో సెయింట్ మాత్యూ అనే ద్వీపం ఉన్నది. మంచు, గాలి తప్ప అక్కడ మనిషికి పనేమీ లేదు. రెండవ ప్రపంచయుద్ధం జరిగేటప్పుడు అమెరికా వారు అక్కడ కొద్దిమంది మనుషులను ఉంచి, తిండికి ఇబ్బంది వస్తే పనికివస్తాయని 1944లో 29 రెయిన్‌డీర్లను దింపారు. ఇవి మంచుదేశాల దుప్పులు. యుద్ధం అయిపోయింది. మనుషులు వెళ్ళిపోయారు. దుప్పులు మిగిలాయి. వాటిని వేటాడే తోడేలు అక్కడ లేదు. నేల నిండా లైకెన్ దట్టంగా పరుచుకుని ఉన్నది. మీ అమ్మ మసాలాలో వేసే రాతిపువ్వు ఆ కోవలోదే. పండుగే పండుగ! 1957లో డేవిడ్ క్లైన్ అనే శాస్త్రజ్ఞుడు వెళ్ళి లెక్కిస్తే 1,350 తేలాయి. 1963లో మళ్ళీ వెళ్ళాడు, 6,000! ఎటు చూసినా దుప్పులే. లైకెన్ మాత్రం అరిగిపోయింది. అది ఒకసారి పోతే తిరిగి పెరగటానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. ఆ చలికాలం మంచు భయంకరంగా కురిసింది. 1966లో ఆయన మూడోసారి వెళ్ళేసరికి నేలంతా ఎముకలు. ప్రాణాలతో ఉన్నవి 42. వాటిలో మగది ఒక్కటే, అదీ పిల్లలను కనే స్థితిలో లేదు. తరవాత కొన్నేళ్ళకు అవీ పోయాయి.

ఇది విని మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. కంచెలోపలి పిల్లదుప్పి ఒకటి తల్లి కడుపు కింద తల దూర్చి పాలు తాగుతున్నది. దాన్నే చూస్తూ కూచున్నాడు.

"మరి అడవిలో ఇట్లా ఎందుకు కాదు?" అన్నాడు చివరికి.

"మీ ఊరి తాత చెప్పాడు గదరా! కాపలా ఎవరు కాసేవాళ్ళు?"

"పులి!"

ఒక పెద్దపులి బతకాలంటే ఏడాదికి సుమారు 50 దుప్పుల పాటి వేట కావాలి. 50 తిన్నా మంద తరగకుండా ఉండాలంటే అడవిలో 500 దాకా ఉండాలని పులులను పరిశోధించినవారు లెక్క కట్టారు. పులితో పాటు చిరుత ఉన్నది. రేచుకుక్కలు ఉన్నాయి. ఇవి గుంపుగా తరిమి పట్టుకుంటాయి. వేటకు ఎక్కువగా చిక్కేవి ముసలివీ, రోగంతో ఉన్నవీ, మందకు వెనకబడినవీ. మిగిలినవి ఒకచోట స్థిరంగా నిలవవు. ఇవాళ ఇక్కడ మేస్తే రేపు మరో చోట. దానితో గడ్డికి తిరిగి మొలవటానికి వ్యవధి దొరుకుతుంది. అడవిలో దుప్పులు కొండముచ్చులున్న చెట్ల కింద మేస్తాయి. పైన కొండముచ్చు పండ్లూ ఆకులూ సగం తిని సగం పారేస్తుంది. కింద దుప్పికి విందు. చిరుత రాకను పైనుంచి కొండముచ్చు ముందుగా చూసి అరుస్తుంది, కింద దుప్పి వాసన పసికట్టి అరుస్తుంది. కంచెలోని దుప్పికి ఈ స్నేహంతో పనే ఉండదు. మనం కంచె వేసిన రోజునే పులిని పనిలోంచి తీసేశాం. ఆ పని ఎవరు చెయ్యాలి? కంచె వేసినవాళ్ళే.

మా వాడు చటుక్కున లేచి నిలబడ్డాడు. "అయితే ఒక పులిని తెచ్చి కంచెలో వదిలితే?"

వాచరు పకపకా నవ్వాడు. "కోళ్ళ గంపలోకి పిల్లిని వదిలినట్టు ఉంటుంది బాబూ! పారిపోయే దారి లేనప్పుడు అది వేట ఎట్లా అవుతుంది?"

మా వాడి ఆలోచన మరీ వెర్రిదేమీ కాదు. పెద్దవాళ్ళకే వచ్చింది. అండమాన్ దీవుల్లో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, మీ బంధువులు కూడా ఉండవచ్చు. అక్కడి అడవుల్లో మొదట దుప్పి లేదు. బ్రిటిష్ వారు వేట సరదా కోసం తీసుకువచ్చి వదిలారు. పులీ చిరుతా లేని దీవులు గనక దుప్పులు దీవి నుంచి దీవికి ఈదుకుంటూ వ్యాపించాయి. అడవి మొలకలను మేసేయసాగాయి. 1950 తరవాత వీటిని అదుపు చెయ్యటానికని రెండు చిరుతలను తెచ్చి వదిలారు. గమ్మత్తేమంటే, రెండూ ఆడవే! వాటికి పిల్లలూ లేవు, వాటి జాడా తెలియలేదు. దుప్పులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి.

"పోనీ, ఈ గేటు తీసేద్దాం. అడవి పక్కనే ఉన్నది గదా!" అన్నాడు మా వాడు.

ఈసారి వాచరు నవ్వలేదు. "ఇందాక నువ్వు మరమరాలు తీస్తే ఎట్లా వచ్చాయి, చూశావా? అడవిలో కూడా మనిషి కనిపిస్తే అట్లాగే వస్తాయి. వచ్చేవాడి చేతిలో మరమరాలే ఉంటాయా? కొందరు ఉచ్చులు పెడతారు. కొందరు పందుల కోసం కరెంటు తీగలు పరుస్తారు. ఊరకుక్కలు తరుముతాయి. దీనికి కుక్కను చూస్తే పరుగెత్తాలని కూడా తెలియదు. దీని తల్లి దీనికి ఆ పాఠం చెప్పలేదు. దాని తల్లి దానికీ చెప్పలేదు."

"అయితే ఏం చెయ్యాలి?" అన్నాడు మా వాడు. వాడి గొంతులో ఏడుపు ఉన్నది.

చెయ్యవలసిన పనులు ఉన్నాయి, కాని ఏదీ తేలిక కాదు. కొన్ని దేశాలలో అనుమతి చీటీలిచ్చి వేటాడిస్తారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. మగవాటినీ ఆడవాటినీ వేరువేరు దొడ్లలో పెట్టవచ్చు. మగవాటికి చిన్న శస్త్రచికిత్స చేసి పిల్లలు పుట్టకుండా చెయ్యవచ్చు. పార్కు చిన్నదైతే ఇవి సాగుతాయి. మంద వందలలోకి వచ్చిన తరవాత మిగిలేది ఒక్కటే దారి, వాటిని తగిన అడవికి తీసుకుపోవటం.

దుప్పిని పట్టుకోవటం ఎంత కష్టమో మీకు తెలుసా? దాని గుండె చాలా పిరికిది. వల వేసి, తరిమి, కాళ్ళు కట్టి ఎత్తుకుపోతే భయంతోనే చచ్చిపోతుంది. ఆ క్షణాన బతికినా, పెనుగులాడినందువల్ల కండరాలు చెడి, కొన్ని రోజుల తరవాత పోవచ్చు. అందుచేత ఇప్పుడు ఆఫ్రికా నుంచి నేర్చుకున్న ఉపాయం ఒకటి వాడుతున్నారు. దాని పేరు బోమా. స్వాహిలీ భాషలో బోమా అంటే పశువుల దొడ్డి. వాగులో చేపలకు పెట్టే వెదురు మావు మీరు చూసి ఉంటారు. నోరు వెడల్పు, పోను పోను ఇరుకు. బోమా కూడా అంతే. అడవిలో గరాటు ఆకారంలో పొడుగాటి దడి కడతారు. దడికి అవతల ఏమున్నదీ కనిపించకుండా పచ్చటి గుడ్డో, గడ్డి తడకలో కడతారు. దుప్పి ఎగరలేననుకున్న గోడను మాత్రమే కాదు, అవతలి వైపు కనిపించని గోడను కూడా ఎగరబోదు. లోపల మంచి మేత పెడతారు. ముందు కొద్ది రోజులు దుప్పులు వచ్చి తిని, పోతూ ఉంటాయి. ఎవరూ వాటి జోలికి పోరు. భయం తీరాక ఒకరోజు వెనక తెర పడుతుంది. గరాటు సన్నని కొనన లారీ ఉంటుంది. దుప్పులు తమ కాళ్ళతోనే నడిచి చీకటిగా ఉన్న లారీలోకి వెళ్ళిపోతాయి. ఎవరి చెయ్యీ వాటి మీద పడదు. మధ్యప్రదేశ్‌లోని పెంచ్ అడవి నుంచి సాత్పురా అడవికి ఇట్లాగే వందల కొద్దీ దుప్పులను చేర్చారు.

మన దగ్గిర కూడా ఈ పని జరిగింది. హైదరాబాదులో విజయవాడ రోడ్డు మీద మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. నిజాం కాలంలో అది వేటతోట. 1975లో దాన్ని ముఖ్యంగా కృష్ణజింకల కోసం పార్కుగా చేశారు. చుట్టూ నగరం పెరిగిపోయింది. లోపల దుప్పులు పెరిగిపోయాయి. పులి లేదు, పోవటానికి దారీ లేదు. ఇటీవలి సంవత్సరాలలో ఇటువంటి పార్కులలో ఎక్కువైన దుప్పులను కవ్వాల్ మొదలైన పులుల అడవులకు తరలించారు. తీసుకుపోయి నేరుగా వదిలెయ్యరు. అడవి మధ్యనే ఒక పెద్ద దడి కట్టి ముందు అందులో ఉంచుతారు. అక్కడి గడ్డీ, నీళ్ళూ, రాత్రి వినిపించే చప్పుళ్ళూ అలవాటు పడాలి. ఆ తరవాత ఒకనాడు దడి తెరిచి, మనుషులు దూరంగా వెళ్ళిపోతారు.

"అక్కడ పులి తినెయ్యదూ?" అన్నాడు మా వాడు.

"కొన్నింటిని తింటుంది."

"తినటానికేనా తీసుకుపోయేది?"

ఈ ప్రశ్నకు నేను తడుముకున్నాను. నిజం చెప్పాలంటే, అందుకు కూడా. దుప్పులు బతకటానికి అడవి కావాలి, పులి బతకటానికి దుప్పులు కావాలి. 2020 చివరి నెలల్లో ఈ జిల్లా అడవుల్లోనే ఒక పెద్దపులి తిరిగింది. దాని అడుగుజాడలు పలుచోట్ల కనిపించాయి. జనం సాయంత్రమయ్యేసరికి తలుపులు వేసుకున్నారు. అటువంటి పులి ఇక్కడ నిలవాలంటే దానికి 500 దుప్పుల అడవి కావాలి. అది లేకపోతే ఏం చేస్తుంది? మేతకు వెళ్ళిన ఆవు మీద పడుతుంది. అటవీ శాఖ వారు నష్టపరిహారం ఇస్తారు. కాని ఆవు పోయిన మనిషి కోపం పోదు గదా! ఆ కోపంలో ఎవరైనా చచ్చిన ఆవు మీద విషం చల్లితే పులీ పోతుంది. ఒకచోట దుప్పులకు గడ్డి లేదు. మరోచోట పులికి దుప్పి లేదు. మధ్య ఉన్నది ఒక వలకంచె.

ఇదంతా నేను మా వాడికి ఇంత సాఫీగా చెప్పలేదు. తడబడుతూ చెప్పాను. వాడు ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు పాల్వంచ దాటేదాకా మాట్లాడలేదు. తరవాత నిద్రపోయాడు.

జూలూరుపాడులో దిగేసరికి చీకటి పడింది. తాత అరుగు మీదే ఉన్నాడు. మా వాడికి నిద్రమత్తు ఎగిరిపోయింది. బోమా సంగతీ, లారీ సంగతీ, మంచుదీవి సంగతీ ఒకదాని మీద ఒకటి వేసి చెప్పేశాడు.

తాత అంతా విన్నాడు. "అయితే, ఆ దుప్పులను తెచ్చి మన అడవిలో కూడా వదిలితే బాగుంటుందంటావు."

"అవును తాతా!"

"వదిలితే అవి అడవిలోనే ఉంటాయిరా? రాత్రి నా చేలోకి రావూ?"

మా వాడు ఈ సంగతి ఆలోచించలేదు. నేను కూడా ఆలోచించలేదు! తాతకు ఉన్నది మూడెకరాలు. దుప్పికి లేత పత్తిమొక్క చేదేమీ కాదు. వాడు నాకేసి చూశాడు. నేను తాతకేసి చూశాను.

తాత చుట్ట ఆర్పి, చెవిలో పెట్టుకున్నాడు. చాలాసేపు వీధిలోకి చూస్తూ ఊరుకున్నాడు. దూరాన ఎవరి ఇంట్లోనో పిల్లలు బతుకమ్మ పాట పాడుకుంటున్నారు.

"ఒరేయ్," అన్నాడు చివరికి. "మా పశువుల కొట్టంలో అటక ఉంది చూడు. దాని మీద, మూలగా, గోనెసంచి కింద నా వడిసెల ఉండాలి. ఎలుకలు కొట్టకుండా ఉన్నదేమో చూసి తీసుకురా."

మా వాడు టార్చిలైటు పట్టుకుని పరుగెత్తాడు. కాసేపటికి అటక మీంచి వాడి కేక వినిపించింది. "తాతా, ఉన్నది! తాడు మాత్రం ఒకవైపు తెగింది!"